నేల కింద నీళ్ళు

"మీ కోడలికి చెప్పండి, టీ పొయ్యి మీద ఉందని."

అత్తగారు ఆ మాట అంటున్నప్పుడు కోడలు ఆవిడ పక్కనే, చెయ్యి చాస్తే తగిలేంత దూరంలో నిలబడి పళ్ళేలు తుడుస్తోంది.

బల్ల దగ్గర కూర్చుని యాపిల్ చెక్కు తీస్తున్న మామగారు చాకు ఆపి ఇద్దరి మొహాలూ చూశాడు. "అమ్మాయ్, టీ పొయ్యి మీద ఉందిట," అన్నాడు, రేడియోలో వార్త చదివినట్టు.

"విన్నాను మామయ్యా. నాకిప్పుడు వద్దని చెప్పండి."

"వద్దంటోందే."

"తాగకపోతే పారబొయ్యమనండి. ఇక్కడెవరికీ చెవుడు లేదు," అని అత్తగారు విసురుగా వెళ్ళి హాల్లో కూర్చుంది.

పెరట్లో తీగ మీద పిచ్చుక ఈత డ్రెస్సు తడితడిగా వేలాడుతూ కనబడిన రోజు నుంచీ ఇదే వరస. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో అందరి లైన్లూ కలిపి రిటైరైన అత్తగారు, కోడలితో మాత్రం నేరుగా మాట కలపడం మానేసింది. పిచ్చుక ఈ ఇంటి మనవరాలు, రెండో తరగతి. వాళ్ళమ్మ ఈత టీచరు. ఊళ్ళో పిల్లలందరికీ నీళ్ళలో ఊపిరి బిగబట్టడం, కాళ్ళు కొట్టడం నేర్పుతుంది. తన కూతురికి మాత్రం నేర్పకూడదు. కోడలు ఈ గుమ్మంలో అడుగుపెట్టినప్పుడు అత్తగారు పెట్టిన షరతు అదొక్కటే. ఆవిడ మొదటి బిడ్డ, ఒక్కగానొక్క కూతురు, పిచ్చుకంత వయసులో నీళ్ళలో పోయింది. ఏ నీళ్ళు, ఎలా పోయింది అన్న మాట ఈ ఇంట్లో ఎవరూ ఎత్తరు. వేరే ఊరి నుంచి వచ్చిన కోడలు ఏ నదిలోనో అనుకుంది. అడిగే ధైర్యం ఎప్పుడూ చెయ్యలేదు.

గదిలో భర్త మంచం అంచున కూర్చుని బూట్లు వేసుకుంటున్నాడు. అతను బస్సు డ్రైవరు. ఆదివారమైనా ఇవాళ పొద్దున డ్యూటీ ఉంది.

"నీ మూట నేనెన్నాళ్ళు మోయాలి?" అంది ఆమె, తలుపు దగ్గరికి వేసి.

"కొంచెం ఓపిక పట్టు. అమ్మ కోపం ఎన్నాళ్ళుంటుంది?"

"పిల్లకి ఈత నేర్పమన్నది నువ్వు. నా చేతులు పట్టుకుని బతిమాలింది నువ్వు. తీరా బయటపడ్డాక నోట్లో బెల్లంముక్క పెట్టుకున్నట్టు కూర్చున్నావు."

"నేనే చెప్పానని తెలిస్తే, ఎందుకు చెప్పావని అడుగుతుంది."

"అడగనీ."

అతను వంగి బూటు లేసు కట్టుకున్నాడు.

"నేనూ అడుగుతున్నాను. ఎందుకు చెప్పావు?"

అతను కట్టిన లేసు విప్పి, మళ్ళీ కట్టి, "బస్సుకి టైమైంది," అని లేచాడు. డ్రైవరు లేకుండా ఆ బస్సు ఎక్కడికి పోతుందో ఆమెకి అర్థం కాలేదు గానీ, అతను మాత్రం వెళ్ళిపోయాడు.

పక్కింట్లో ఉండే మందుల షాపామె వచ్చేసరికి ఇల్లంతా బిగుసుకుపోయి ఉంది. ఆమెకి ఎదుటివాళ్ళ మొహం చూసి మందు చెప్పే అలవాటు. అత్తగారి కళ్ళ కింద నలుపు చూసి, "పిన్నిగారూ, నిద్రమాత్రలు నేనివ్వను. నాతో రండి. కమ్యూనిటీ హాల్లో మధ్యాహ్నం గాంగ్ బాత్ ఉంది," అంది.

"గ్యాంగా? ఏ గ్యాంగూ?"

"గ్యాంగ్ కాదండీ, గాంగ్. ఇంత పెద్ద కంచు పళ్ళెం. దాన్ని మెల్లగా మోగిస్తుంటే మనం చాపల మీద కళ్ళు మూసుకుని పడుకోవడమే. శబ్దంతో స్నానం అన్నమాట."

"పొడి స్నానమా? మరి సబ్బుపెట్టె అక్కర్లేదంటావు," అంది అత్తగారు. ఈ మధ్య ఆవిడ నోట వచ్చిన మొదటి హాస్యం అదే. కోడలికి నవ్వొచ్చింది గానీ, నవ్వే హక్కు తనకి లేనట్టు అటు తిరిగింది.

"ఏ హాల్లో?" అన్నారెవరో. మామగారు.

"అదే, పాత మార్కెట్ వెనక ఉందే, ఆ హాల్లో."

ఆయన చేతిలో ఉన్న యాపిల్ ముక్క పళ్ళెంలో పెట్టేశాడు. "అంత దూరం ఎందుకు? నేల మీద పడుకుంటే నడుం పట్టేస్తుంది. వద్దులే."

ఎప్పుడూ దేనికీ అడ్డు చెప్పని మనిషి. ఇంట్లో ఎవరు ఎవరి మీద అరిచినా, పోనీలే పోనీలే అంటూ ఇద్దరికీ మంచినీళ్ళు అందించే మనిషి. అత్తగారు ఆయన వంక నిదానంగా చూసింది.

"వస్తాను," అంది మందుల షాపామెతో. తర్వాత గోడకి చెబుతున్నట్టు, "రావాలనున్న వాళ్ళు ఇంకెవరైనా ఉంటే రావచ్చు," అంది.

అది తన కోసమేనని కోడలికి అర్థమైంది.

హాలు బయటినుంచి చూస్తే మామూలుగానే ఉంది. పొడుగాటి భవనం, ఎత్తుమీద కిటికీలు. లోపల ఒక చివర టేబుల్ టెన్నిస్ బల్లలు మడిచి పెట్టారు. నేలంతా చెక్క. చెప్పులు విప్పి అడుగుపెట్టగానే కోడలి అరికాళ్ళకి ఏదో తేడా తెలిసింది. అడుగు వేస్తే ఆ చప్పుడు నేల దగ్గరే ఆగడం లేదు. కిందికి పోయి, ఎక్కడో తగిలి, వెనక్కి వస్తోంది. గాలి కూడా అంతే. వార్నిష్ వాసన అడుగున ఇంకో వాసన ఉంది. రోజూ ఆమె ఒంటికి అంటుకుని ఇంటికి వచ్చే వాసన లాంటిదే, కాకపోతే బాగా పాతది.

గాంగ్ మోగించే ఆమె సన్నగా, తెల్లజుట్టుతో ఉంది. ఆమె వెనక చట్రానికి వేలాడుతున్న కంచు పళ్ళెం ఆమెకంటే వెడల్పుగా ఉంది. "ఏ ఆలోచన వచ్చినా తోసెయ్యకండి, పట్టుకోకండి. భయమేస్తే కళ్ళు తెరవండి, అంతే," అని అందరికీ కళ్ళ మీద కట్టుకునే గుడ్డలు పంచింది.

వచ్చినవాళ్ళు గోడల వారగా చాపలు పరుచుకుంటుంటే అత్తగారు మాత్రం చాప చంకలో పెట్టుకుని హాలంతా తిరిగింది. ఇక్కడ కాసేపు, అక్కడ కాసేపు నిలబడింది. వస్తువు ఎక్కడో పెట్టి మరిచిపోయిన మనిషిలా. చివరికి చిట్టచివర, మధ్యలో పరిచింది.

"అత్తయ్యా, ఇక్కడ చలిగా ఉంది. అటు పోదామా?"

అత్తగారు గుడ్డ కళ్ళ మీదికి లాక్కుని పడుకుంది. కోడలు తన చాప ఆవిడ పక్కనే వేసుకుంది.

మొదటి దెబ్బ వినపడలేదు. ఒంటికి తెలిసింది. వీపు కింద చెక్కలు సన్నగా వణికాయి. తర్వాత శబ్దం వచ్చింది, దూరం నుంచి నడిచి వస్తున్నట్టు. ఒకదాని మీద ఇంకొకటి, అది ఆరకముందే మరొకటి. గదిలో గాలి చిక్కబడింది. మందుల షాపామె గురక కూడా మొదలైంది.

కోడలికి మాత్రం ఒళ్ళు వదులు కాలేదు. గాలిలో శబ్దం వస్తే ఏ పక్కనుంచి వస్తోందో చెవి చెబుతుంది. నీళ్ళలో మునిగితే చెప్పదు. అన్ని వైపుల నుంచీ ఒకేసారి వచ్చి తలలో దూరుతుంది. ఇప్పుడు అలాగే ఉంది. ఆమె తెలియకుండానే ఊపిరి బిగబట్టింది.

భయమేస్తే కళ్ళు తెరవమంది కదా. గుడ్డ పైకి జరిపి, తల పక్కకి తిప్పింది.

చెంప నేలకి ఆనించి చూస్తే గోడ అడుగుభాగం సూటిగా కనబడింది. అక్కడ తెల్లరంగు పెచ్చులూడిపోయి, లోపల నీలం టైల్స్ వరస బయటపడింది. ఒక టైల్ మీద నల్లటి అంకె. దాని పక్కన 'లోతు' అన్న మాట సగం రంగు కింద, సగం బయట. ఇంకొంచెం అవతల, చెక్కల్లోంచి పొడుచుకొచ్చి మొదలంటా కోసేసిన రెండు ఇనప గొట్టాలు.

నిచ్చెన. ఈతకొలనులోకి దిగే నిచ్చెన.

ఈ హాలు ఏమిటో, అత్తగారు అంతసేపు తిరిగి తిరిగి చాప ఎక్కడ పరిచిందో ఆమెకి ఒక్కసారిగా అర్థమైంది. ఇద్దరూ పడుకున్నది అన్నిటికంటే లోతైన చోటు మీద.

గాంగ్ ఇంకోసారి మోగింది. ఆ మోత నేలలోంచి దిగి, అడుగున తిరిగి, ఆలస్యంగా పైకి వచ్చింది. వచ్చేటప్పుడు ఒంటరిగా రాలేదు. దానితో ఇంకో చప్పుడుంది. టప టప, ఆగి, మళ్ళీ టప టప. కొత్తగా నేర్చుకునే పిల్లలు కాళ్ళు కొట్టే చప్పుడు. ఆ చప్పుడు ఆమె నిద్రలో కూడా గుర్తుపడుతుంది. మోకాళ్ళు మరీ వంచుతోంది, కాలు చాపమ్మా, చాపి కొట్టు అని నోటిదాకా వచ్చింది.

చప్పుడు వేగం పెరిగింది. లయ తప్పింది.

ఆమె లేవబోయింది. అంతలో పక్కనుంచి అత్తగారి చెయ్యి వచ్చి ఆమె మణికట్టు పట్టుకుంది. ఎంత గట్టిగా పట్టుకుందంటే, గాజు విరుగుతుందేమో అనిపించింది.

"కదలకు," అంది ఆవిడ. ఇన్నాళ్ళ తర్వాత నేరుగా కోడలితో అన్న మొదటి మాట అది. "లైన్ కలిసింది."

కింద చప్పుడు ఆగిపోయింది.

అంతా అయ్యాక గాంగ్ మోగించే ఆమె ఒక్కొక్కరినీ మెల్లగా లేపి, ఎలా ఉందని అడిగింది. ఎవరో గుమాస్తా చెవిలో వేలు పెట్టి ఆడించుకుంటూ, "హాయిగానే ఉందండీ. చెవుల్లో నీళ్ళు పోయినట్టుంది, అంతే," అన్నాడు. "నాకూ అంతే," అంది మందుల షాపామె, తల పక్కకి వంచి దులుపుకుంటూ. తర్వాత ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకుని నవ్వారు. ఆ నవ్వు త్వరగా అయిపోయింది. షాపు తెరవాలంటూ మందుల షాపామె కూడా మిగతావాళ్ళతో కలిసి వెళ్ళిపోయింది.

అత్తగారు లేవలేదు. కళ్ళ మీద గుడ్డ తీసి, పైకప్పు చూస్తూ అలాగే పడుకుంది.

"ఇక్కడ ఇంతకుముందు ఈతకొలను ఉండేదా?" అని అడిగింది కోడలు.

"అవునమ్మా. చాలా ఏళ్ళ కిందటే మూసేసి, పైన చెక్కలు పరిచారు," అంది గాంగ్ ఆమె, కంచు పళ్ళేనికి గుడ్డ చుడుతూ. "కింద అంతా ఖాళీ. అందుకే శబ్దం ఇక్కడ పలికినట్టు ఇంకెక్కడా పలకదు."

"ఖాళీ కాదు," అంది అత్తగారు.

గాంగ్ ఆమె చేతులు ఆగాయి.

కోడలు ఆవిడ పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. "ఇక్కడేనా అత్తయ్యా?"

"ఇక్కడే. అది పోయాక నేనీ గుమ్మం తొక్కలేదు. ఈ రోడ్డులోకే రాలేదు." ఆవిడ గొంతులో ఏడుపు లేదు. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఉద్యోగం చేసినన్నాళ్ళూ అలవాటైన గొంతు అది, ఎవరి కబురు ఎవరికైనా ఒకేలా అందించే గొంతు. "ఆ రోజు నేను డ్యూటీలో ఉన్నాను. ఇరుగుపొరుగు పిల్లలతో కలిసి చెప్పాపెట్టకుండా వెళ్ళిపోయిందన్నారు. మీ మామగారు ఆఫీసులో ఉన్నారు. ఆయనకి ఎవరో కబురు చెబితే పరిగెత్తుకొచ్చారుట. నాకు ఆయన ఫోన్ చేశారు."

"ఇప్పుడు ఏం వినపడింది మీకు?"

ఆవిడ కోడలి వంక చూసింది. "నీకూ వినపడిందిగా."

కోడలు కాదనలేకపోయింది. "కాళ్ళు కొట్టడం వినపడింది."

"నాకు మాట వినపడింది. 'నాన్నా, చూడు. నాన్నా, చూడు' అంటోంది." ఆవిడ లేచి కూర్చుంది. "ఇన్నేళ్ళూ అది నన్ను పిలిచి ఉంటుందనుకుని చచ్చాను. అది నన్ను పిలవలేదమ్మాయ్. వాళ్ళ నాన్నని పిలిచింది. ఆఫీసులో ఉన్న మనిషిని చూడు చూడు అంటుందేమిటి?"

తలుపు చప్పుడైంది. భర్త, అతని చెయ్యి పట్టుకుని పిచ్చుక. డ్యూటీ దిగి, వీళ్ళని ఇంటికి తీసుకెళ్ళడానికి వచ్చాడు.

"మమ్మీ, తాతయ్య కూడా వచ్చాడు. కారు దిగనంటున్నాడు," అంది పిచ్చుక.

భర్త తల్లి ఎక్కడ కూర్చుందో చూశాడు. "అమ్మా, లే. అక్కడ్నుంచి లే."

వాళ్ళ దగ్గరికి హాలు మధ్యనుంచి సూటిగా రావచ్చు. అతను అలా రాలేదు. కూతుర్ని గుమ్మంలోనే నిలబెట్టి, గోడని రాసుకుంటూ, ఒక్కో అడుగే వేసుకుంటూ, హాలు అంచు వెంబడి చుట్టూ తిరిగి వచ్చాడు. కొలను గట్టు మీద జారకుండా నడిచే మనిషిలా. ఆ నడక కోడలు రోజూ పిల్లలకి నేర్పే నడక.

అత్తగారు కూడా చూసింది.

"నేల మీద నడవ్వేంరా?"

అతను గోడ మీంచి చెయ్యి తియ్యలేదు.

"కింద ఏముందో నీకెలా తెలుసు? ఇంట్లో ఎవరం చెప్పలేదే. ఆ రోజు నువ్వు చిన్నవాడివి. జ్వరమొచ్చి పక్కింట్లో పడుకున్నావన్నారు మీ నాన్న."

"నాకు జ్వరం లేదమ్మా."

హాల్లో ఎత్తు కిటికీల్లోంచి మధ్యాహ్నపు ఎండ చెక్కల మీద పడుతోంది. అతను గోడకి వీపు ఆనించాడు.

"మా ఇద్దర్నీ నాన్నే తీసుకొచ్చాడు. ఆఫీసు ఎగ్గొట్టాడు, అమ్మకి చెప్పొద్దన్నాడు. మాకు సంతోషం. కొలను కాపలా మనిషి భోజనానికి వెళ్ళాడు. ఇంకెవరూ లేరు. నాన్న గట్టు మీద కూర్చుని పేపరు చదువుతున్నాడు. అక్క గట్టు పట్టుకుని కాళ్ళు కొడుతోంది. తర్వాత గట్టు వదిలేసి, 'నాన్నా, చూడు' అంది. నాన్న చూస్తున్నా అన్నాడు."

"చూశాడా?"

"పేపరు దించలేదమ్మా. అక్క మళ్ళీ పిలిచింది. చూస్తున్నా అన్నాడు. పేజీ తిప్పాడు."

అత్తగారు చేతిలో ఉన్న కళ్ళ గుడ్డని మడత పెట్టింది.

"నాకు మాట రాలేదు. మెల్లగా అక్క జుట్టు ఒక్కటే కనబడింది. నాన్న చొక్కా లాగాను. అప్పుడు దూకాడు. పైకి తెచ్చాడు. కుదిపాడు, పిలిచాడు. తర్వాత గట్టు మీద పడుకోబెట్టి, తువ్వాలు కప్పి, నన్ను ఎత్తుకుని వెనక తలుపు నుంచి బయటికి వచ్చేశాడు. నాకు జ్వరం, నేను పక్కింట్లోనే పడుకున్నాను అని దారంతా నాతో అనిపించాడు. ఎన్నిసార్లో."

"తువ్వాలు," అంది అత్తగారు. ఆ మాట ఒక్కటే ఆవిడకి వినబడినట్టుంది. "దాని మీద ఎవరో తువ్వాలు కప్పారని చెప్పారు. ఎవరో ఎవరికీ తెలియలేదు. ఏ పుణ్యాత్ముడో అనుకున్నాను. ఇన్నేళ్ళూ మొహం తెలియని ఆ మనిషికి దణ్ణం పెట్టుకుంటూనే ఉన్నాను."

"పిచ్చుకకి ఈత నేర్పమన్నది నేనమ్మా. నీ కోడలి తప్పేం లేదు. పిచ్చుక మునిగితే నాకు మళ్ళీ మాట రాదేమోనని భయం."

కోడలు అతని వంక చూసింది. పొద్దున అడిగిన ప్రశ్నకి జవాబు దొరికింది. దొరికాక, అడక్కుండా ఉంటే బాగుండుననిపించింది. లేచి వెళ్ళి అతని చెయ్యి పట్టుకుంది.

గాంగ్ ఆమె గుమ్మం దగ్గర పిచ్చుకకి ఏదో బొమ్మ చూపిస్తూ, ఇటు చూడకుండా ఉండటానికి శతవిధాలా ప్రయత్నిస్తోంది. కంచు పళ్ళేనికి గుడ్డ చుట్టి, తాడు కూడా కట్టేసి ఉంది.

అత్తగారు అరచెయ్యి చెక్క మీద ఆనించి, పసిపిల్లని జోకొడుతున్నట్టు మెల్లగా తట్టింది.

"అమ్మాయ్," అంది, తల ఎత్తకుండా.

"చెప్పండి అత్తయ్యా."

"మీ మామగార్ని పిలుచుకురా."

"అమ్మా, ఇక్కడొద్దు. ఇంటికెళ్ళాక..." అన్నాడు భర్త.

"ఇంట్లో ఆయన నాకు మంచినీళ్ళిస్తాడు. పోనీలే అంటాడు. ఇక్కడికి రమ్మను. నేనేం అడగను. ఇక్కడ కాసేపు పడుకోమను చాలు."

కోడలు బయటికి వచ్చింది. వీధి మామూలుగా ఉంది. ఎవరో సైకిలు తుడుచుకుంటున్నారు. ఎదురింటి మేడ మీద దుప్పట్లు ఆరేస్తున్నారు. కారు చెట్టు నీడలో ఉంది, హాలుకి బాగా దూరంలో. లోపలి మాటలు వినపడే దూరం కాదు. ఏం చెప్పి ఆయన్ని కారు దింపాలా అని ఆలోచించుకుంటూ దగ్గరికి నడిచింది.

కారు అద్దాలన్నీ ఎత్తి ఉన్నాయి. ఆ మధ్యాహ్నం, ఆ ఉక్కలో.

వెనక సీట్లో మామగారు ముందుకి వంగి కూర్చున్నాడు. కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. రెండు అరచేతులూ చెవులకి అదిమిపెట్టుకున్నాడు. ఆయన పెదవులు కదులుతున్నాయి. ఎవరో మళ్ళీ మళ్ళీ పిలుస్తున్నట్టు, ఆయన ఒకే మాట మళ్ళీ మళ్ళీ చెబుతున్నట్టు. అద్దం వెనకనుంచి ఆ మాట ఏమిటో వినపడలేదు.

ఆమె వేలితో అద్దం తట్టింది.

ఆయన కళ్ళు తెరవలేదు. చేతులు మాత్రం ఇంకా గట్టిగా అదుముకున్నాడు.

కోడలు వెనక్కి తిరిగి హాలు వంక చూసింది. లోపల మోత ఆగి ఎంతోసేపైంది.